చేతివాపు చరిత్ర: కోత తగ్గింది, భయం తగ్గలేదు

రొమ్ము క్యాన్సర్ చికిత్స తర్వాత వచ్చే చేతివాపు, అంటే లింఫెడిమా గురించి రాసేవాళ్ళు తరచూ ఒకే కథ చెబుతారు: సర్జన్లు కోత తగ్గించారు, వాపూ తగ్గింది. అబద్ధం కాదు గానీ సగమే నిజం. రోగికి ఏం చెప్పి ఇంటికి పంపారన్నది ఈ కథలో ఉండదు.

కోత సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. బాల్టిమోర్‌లో సర్జన్ హాల్‌స్టెడ్ రొమ్ముతో పాటు ఛాతీ కండరాలను, చంకలోని బిళ్ళలను తీసేసే ఆపరేషన్ ఫలితాలను 1894లో ప్రకటించాడు. అంత కోత అందరికీ అక్కర్లేదని 1970, 80లలో సర్జన్లు ఫిషర్, వెరోనెసీ తేల్చారు. 1990లలో ముందుగా ఒకటి రెండు బిళ్ళలే తీసి చూసే సెంటినెల్ పద్ధతి వచ్చింది. 2013 నాటి ఒక సమీక్షలో చంక పూర్తిగా ఖాళీ చేసినవారిలో సుమారు 20 శాతానికి, సెంటినెల్‌తో ఆగినవారిలో 5.6 శాతానికి చెయ్యి వాచింది.

సలహాలు మాత్రం ఇలా మారలేదు. వాపుకు ఇన్ఫెక్షనే మూలమని 1921లో హాల్‌స్టెడ్ వాదించాడు. 'వద్దు'ల జాబితాకు బీజం ఆ వాదనలోనే ఉందని నా అభిప్రాయం. సూది వద్దు, బీపీ పట్టీ వద్దు, బరువు ఎత్తొద్దు. ఇన్ఫెక్షన్ భయానికి ఆధారముంది. మిగతావి చాలావరకు ఊహలే, దశాబ్దాల పాటు ఎవరూ పరీక్షించకుండానే చెలామణీ అయ్యాయి.

ఆ 'వద్దు'లను పరీక్షిస్తూ 1996లో వాంకూవర్‌లో క్రీడావైద్యుడు డాన్ మెకెంజీ, రొమ్ము క్యాన్సర్ చికిత్స అయిన 24 మంది స్త్రీల చేత డ్రాగన్ బోట్‌లో తెడ్లు వేయించాడు. ఒక్కరికీ కొత్తగా వాపు రాలేదు. అయితే పోల్చి చూడటానికి రెండో జట్టు లేదు, కాబట్టి రుజువనలేం. ఆ లోటును 2009లో పరిశోధకురాలు కాథరిన్ ష్మిట్జ్ పూరించింది. అప్పటికే వాపు ఉన్న 141 మందిలో సగం మంది వారానికి రెండుసార్లు బరువులు ఎత్తారు. వాపు ముదిరింది వీరిలో 14 శాతానికి, ఎత్తనివారిలో 29 శాతానికి. కానీ వాళ్ళు శిక్షకుల కళ్ళెదుట, బిగుతు స్లీవ్ తొడుక్కుని, చిన్న బరువుతో మొదలుపెట్టారు. రేపటి నుంచే బియ్యం బస్తా ఎత్తవచ్చని దీని అర్థం కాదు.

2016లో బోస్టన్‌లో జరిగిన ఒక అధ్యయనం సూదికి, బీపీ పట్టీకి, విమాన ప్రయాణానికి వాపుతో సంబంధం కనబడలేదంది. చంక ఖాళీ చేయడం, అక్కడి రేడియేషన్, అధిక బరువు, చర్మపు ఇన్ఫెక్షన్‌లే దోషులుగా తేలాయి. అది ఒకే ఆసుపత్రి లెక్క. కాబట్టి రెండో చెయ్యి బాగున్నప్పుడు సూది అటే వేయించుకుంటే నష్టమేమీ లేదు.

మన దగ్గర చాలామంది జబ్బు ముదిరాకే వస్తారు, చంక ఖాళీ చేయడం ఇంకా ఎక్కువే. అంటే చెప్పి పంపడం ఇక్కడే ఎక్కువ అవసరం. అయినా బిందె ఎత్తొద్దనే మాటే ముందు వినబడుతుంది. జాకెట్టు చెయ్యి బిగిసినా, ఎప్పటి గాజులు ఎక్కకపోయినా వెంటనే రమ్మని, చెయ్యి ఎర్రబడి జ్వరం వస్తే ఆ రోజే చూపించుకోమని చెప్పేవారు తక్కువ. భయపెడితే అవగాహన రాదు. ఆపరేషన్‌కు ముందే రెండు చేతుల చుట్టుకొలత టేపుతో కొలిచి రాసిపెట్టండి. రెండు నిమిషాల పని, అది లేకుండా వాపు మొదలైందో లేదో తొలి దశలో చెప్పడం కష్టం.