రోగనిరోధక శాస్త్రంలో గణన పద్ధతులు: అభ్యాసానికి తొలి మెట్లు

ఇంటర్మీడియెట్‌లో చేరిన నాడే మన విద్యార్థులు రెండు దారులుగా విడిపోతారు. ఎంపీసీ వారికి జీవశాస్త్రంతో, బైపీసీ వారికి గణితంతో దాదాపుగా సంబంధం తెగిపోతుంది. ఆ రెండు దారులూ తిరిగి కలిసే చోట్లలో గణనాత్మక రోగనిరోధక శాస్త్రం ఒకటి. శరీరం వ్యాధికారక క్రిములను గుర్తించి ఎదుర్కొనే తీరును సమీకరణాలు, సాంఖ్యక పద్ధతులు, కంప్యూటర్ ప్రోగ్రాముల సాయంతో పరిశీలించడమే దీని పని. టీకాల రూపకల్పన, క్యాన్సర్ చికిత్స వంటి రంగాల్లో దీని అవసరం పెరుగుతోంది. అయితే సాఫ్ట్‌వేర్ నడపడం వస్తే శాస్త్రం వచ్చినట్లేనన్న భ్రమ ఈ రంగంలో చేరే వారిని తరచూ దారి తప్పిస్తోంది.

అసలు కంప్యూటర్ అవసరం ఎందుకు వచ్చింది? మనిషిలో ప్రోటీన్లను తయారుచేసే జన్యువులు సుమారు 20 వేలు. శరీరం తయారుచేయగల ప్రతిరక్షకాల రకాలు అంతకు ఎన్నో రెట్లు. కొద్దిపాటి జన్యు ఖండాలను పేకముక్కల్లా కలిపి, అతికి ఇంతటి వైవిధ్యాన్ని కణాలు సాధిస్తున్నాయని జపాన్ శాస్త్రవేత్త సుసుము టొనెగావా 1976లో నిరూపించారు. 1987లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఇన్ని రకాలను చేత్తో లెక్కించడం ఎవరి తరమూ కాదు.

ట్యాంకు లెక్క

ఈ రంగంలో అడుగుపెట్టేవారు మొదట చదవదగినది హెచ్‌ఐవీపై జరిగిన ఒక అధ్యయనం. వైరస్ సోకిన తర్వాత ఏళ్ల తరబడి వ్యాధి లక్షణాలు కనిపించవు. రక్తంలో వైరస్ పరిమాణం కూడా దాదాపు స్థిరంగా ఉంటుంది. కనుక ఆ కాలంలో వైరస్ నిద్రాణంగా ఉంటుందని పలువురు భావించేవారు. ఊళ్లోని మంచినీటి ట్యాంకును ఊహించుకోండి. నీటి మట్టం మారడం లేదంటే నీరు కదలడం లేదని కాదు. వచ్చే నీరు, పోయే నీరు సమానమైనా మట్టం స్థిరంగానే ఉంటుంది. తెలుసుకోవాలంటే పైనుంచి వచ్చే గొట్టాన్ని మూసి, మట్టం ఎంత వేగంగా పడిపోతుందో చూడాలి.

గణిత జీవశాస్త్రవేత్త అలాన్ పెరెల్సన్, వైద్యుడు డేవిడ్ హో, వారి సహచరులు 1996లో ప్రచురించిన పరిశోధన సారాంశం ఇదే. ఐదుగురు రోగులకు రిటోనావిర్ అనే మందు ఇచ్చి, రక్తంలో వైరస్ తగ్గుదలను తక్కువ వ్యవధులలో కొలిచారు. ఆ మందు ప్రభావంతో కొత్తగా పుట్టే వైరస్‌లు కణాలకు సోకే శక్తిని కోల్పోతాయి. తగ్గుదల రేఖలో రెండు వేగాలు కలగలిసి ఉన్నాయి: వైరస్ తొలగిపోయే వేగం, సోకిన కణాలు చనిపోయే వేగం. సమీకరణాలు ఆ రెండింటినీ విడదీశాయి. రక్తంలో వైరస్ అర్ధాయువు సుమారు 6 గంటలని, సోకిన కణాల అర్ధాయువు సుమారు 1.6 రోజులని తేలింది. అంటే నిద్రాణమనుకున్న కాలంలో రోజుకు సుమారు 1,000 కోట్ల వైరస్ రేణువులు పుడుతున్నాయి, అన్నీ నశిస్తున్నాయి! ఇంతటి వేగంతో పుట్టే వైరస్‌లో ఒక్క మందుకు లొంగని రకం తలెత్తడం ఖాయం. పలు మందులను కలిపి ఇచ్చే చికిత్సకు ఈ లెక్కలు బలమైన ఆధారంగా నిలిచాయి.

ఇందులో వాడినవి ముఖ్యంగా మూడు అవకలన సమీకరణాలు: సోకిన కణాలకు ఒకటి, సోకే శక్తి ఉన్న వైరస్‌లకు ఒకటి, ఆ శక్తి కోల్పోయిన వైరస్‌లకు ఒకటి. ఉచితంగా లభించే పైథాన్ భాషలో ముప్ఫై పంక్తుల ప్రోగ్రాముతో ఇంట్లోని సాధారణ కంప్యూటర్ మీదనే వీటిని సాధించవచ్చు. బైపీసీ విద్యార్థులు భయపడనక్కరలేదు. కలనగణితం ప్రాథమిక భాగాన్ని శ్రద్ధగా చదివితే ఇక్కడికి చేరుకోగలరు.

1,265 ముక్కల అభ్యాసం

రెండో మెట్టు పెప్టైడ్ల అంచనా. వైరస్ సోకిన కణం దాని ప్రోటీన్లను చిన్న ముక్కలుగా కోసి, కొన్నింటిని హెచ్‌ఎల్‌ఏ అణువులపై ఉంచి తన ఉపరితలం మీద ప్రదర్శిస్తుంది. టి-కణాలు వాటిని చూసి శత్రువును గుర్తిస్తాయి. ఈ ముక్కలలో ఎక్కువగా 9 అమైనో ఆమ్లాలుంటాయి. కొవిడ్ వైరస్ స్పైక్ ప్రోటీనులో 1,273 అమైనో ఆమ్లాలున్నాయి కనుక వరుసగా తీయగలిగే 9 ఆమ్లాల ముక్కలు 1,265.

హెచ్‌ఎల్‌ఏ-ఏ2 రకానికి అతికే ముక్కలలో సాధారణంగా రెండో స్థానంలో ల్యూసిన్ లేదా మెథియోనిన్, తొమ్మిదో స్థానంలో వాలిన్ లేదా ల్యూసిన్ ఉంటుంది. జర్మనీకి చెందిన రామెన్సీ బృందం 1991లోనే ఇలాంటి నియమాలను వెలువరించింది. విద్యార్థి మొదట ఎక్సెల్ పట్టికలో ఈ నియమం ప్రకారం ముక్కలను తానే ఏరుకోవాలి. ఆ తర్వాతే డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయం వారి నెట్‌ఎంహెచ్‌సీ వంటి సాధనంతో పోల్చుకోవాలి. రెండు జాబితాలూ ఎక్కడ విభేదించాయో అక్కడే నేర్చుకోవలసినది ఉంటుంది. ప్రయోగాలలో నిగ్గుతేలిన ఫలితాలు అమెరికాలోని లా హోయా సంస్థ నిర్వహణలో రూపొందిన ఐఈడీబీ భాండాగారంలో ఉచితంగా లభిస్తాయి. మన దేశంలోనూ చండీగఢ్‌లోని ఇమ్‌టెక్ సంస్థ నుంచి జి.పి.ఎస్. రాఘవ బృందం 2001లోనే 51 హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ రకాలకు అంచనాలు చెప్పే ప్రోప్రెడ్‌ను అందించింది.

ఇక్కడే జాగ్రత్త అవసరం. ముక్క అతుకుతుందన్నంత మాత్రాన రోగనిరోధక స్పందన కలుగుతుందని కాదు. అది కణంలో సరిగ్గా తెగాలి, ఉపరితలానికి చేరాలి, దాన్ని గుర్తించే టి-కణం ఆ వ్యక్తిలో ఉండాలి. ఏ టి-కణం దేనిని గుర్తిస్తుందో, ముఖ్యంగా మునుపు చూడని ముక్కల విషయంలో, ముందుగా చెప్పడం నేటికీ కష్టమే. ఏ ప్రోటీను ఇచ్చినా సాఫ్ట్‌వేర్ మాత్రం ఏదో ఒక జాబితా ఇచ్చి తీరుతుంది. 2020 తర్వాత ప్రయోగశాల ముఖం చూడకుండానే కంప్యూటర్‌లో కొవిడ్ టీకా రూపొందించామంటూ వెలువడిన వ్యాసాలు కొల్లలు. వాటిని ఆదర్శంగా తీసుకోకపోవడమే మేలు.

మన వారికి సంబంధించిన మరో చిక్కు ఉంది. హెచ్‌ఎల్‌ఏ రకాలు మనిషి మనిషికీ, సమూహానికీ సమూహానికీ మారతాయి. ఈ సాధనాలకు ఆధారమైన సమాచారంలో ఐరోపా సంతతి వారిదే పెద్ద వాటా. హైదరాబాద్‌లోని సీసీఎంబీకి చెందిన తంగరాజ్, లాల్జీ సింగ్ విదేశీ శాస్త్రవేత్తలతో కలిసి 2009లో 25 భారతీయ సమూహాలపై జరిపిన అధ్యయనం, తమలో తామే వివాహాలు చేసుకునే ఆచారం వల్ల సమూహాల మధ్య జన్యుభేదాలు ఎంత గట్టిగా నిలిచాయో చూపింది. కాబట్టి ఎక్కడో సరిపోయిన అంచనా తెలుగునాట అందరికీ అంతే కచ్చితంగా వర్తిస్తుందని అనుకోలేం. మన పరిశోధకులు చేయవలసిన పని ఇక్కడ ఎంతో ఉంది.

సంభావ్యత, సాంఖ్యక శాస్త్రం, పైథాన్ లేదా ఆర్ భాష, ప్రామాణిక రోగనిరోధక శాస్త్ర గ్రంథం ఒకటి. ప్రారంభానికి ఇవి చాలు. వేలల్లో రుసుము తీసుకుని నెలలో నిపుణులను చేస్తామనే కోర్సుల జోలికి పోయే ముందు, వారు చూపే సాధనాలు ఉచితంగా దొరుకుతాయేమో విచారించుకోవాలి. ఉన్నత విద్య కోరేవారికి హైదరాబాద్ ట్రిపుల్‌ఐటీలో గణన జీవశాస్త్ర పరిశోధన కేంద్రం ఉంది. ప్రవేశ నిబంధనలు మారుతుంటాయి కనుక ఆయా సంస్థల ప్రకటనలను ఎప్పటికప్పుడు చూసుకోవాలి.