రిఫరీ ఎక్కడ నుంచోవాలి?

ఆమధ్య మా ఆఫీసువాళ్ళ ఫుట్‌బాల్ మ్యాచికి రిఫరీ దొరక్క నా మెళ్ళో విజిల్ వేశారు. నిబంధనలు చదివానని నేనే గొప్పలు చెప్పుకున్న ఫలితం. ఆట మొదలెట్టడానికి బంతి మధ్యలో పెట్టారు. నేను బంతి తన్నేవాడి వెనకాల నాలుగడుగుల దూరంలో నుంచుని విజిల్ ఊదాను. అతను బంతిని వెనక్కి తన్నాడు. అది నా కాలికి తగిలి, పరిగెత్తుకొస్తున్న అవతలి జట్టువాడి ముందు పడింది. అతను తిన్నగా వెళ్ళి గోల్ కొట్టేశాడు. నేను గోల్ ఇచ్చేశాను. ఓడినవాళ్ళు వారం రోజులపాటు నాతో కాంటీన్‌కి రాలేదు.

తప్పెక్కడ జరిగిందా అని వెతకడం మొదలెడితే తేలిందేమిటంటే, ఈ ఆట పుట్టాక చాలాకాలం రిఫరీ మైదానంలోనే లేడు! 1863లో ఇంగ్లాండులో ఫుట్‌బాల్ అసోసియేషన్ నిబంధనలు రాసినప్పుడు రిఫరీ ప్రస్తావనే లేదు. ఆడేవాళ్ళు పెద్దమనుషులు, తగువొస్తే కెప్టెన్లే తేల్చుకుంటారని నమ్మకం. ఆ నమ్మకం ఎంతకాలం నిలుస్తుంది చెప్పండి? తర్వాత జట్టుకొకరు చొప్పున ఇద్దరు అంపైర్లొచ్చారు. క్రికెట్‌లో "హౌజట్" అని అరిచినట్టే, ఆటగాళ్ళు అడిగితేనే వాళ్ళు తీర్పు చెప్పేవాళ్ళు. ఆ ఇద్దరికీ పొసగకపోతే బయట గీత పక్కన ఉన్న మూడో మనిషి తేల్చాలి. ఆ మూడో మనిషే రిఫరీ.

1891లో ఇదంతా తలకిందులైంది. రిఫరీని మైదానం లోపలికి తెచ్చి, తీర్పు చెప్పే అధికారమిచ్చారు. అంపైర్లు జెండాలు పట్టుకుని పక్క గీతల మీదకి పోయారు, పేరు కూడా లైన్స్‌మన్‌గా మారింది. పెనాల్టీ కిక్ వచ్చిందీ ఆ ఏడాదే. పెద్దమనిషి కావాలని తప్పు చేస్తాడని నిబంధనల్లో రాయడమేమిటని కొందరికి కోపం కూడా వచ్చింది.

లోపలికైతే వచ్చాడు, మరి ఎక్కడుండాలి? సరిగ్గా మధ్యలో ఉంటే ఆటకి అడ్డం. ఒక పక్కకి పోతే ఆ పక్కనున్న లైన్స్‌మన్ చూసేదే తనూ చూస్తాడు, అవతలి పక్క చూసే దిక్కుండదు. ఇక్కడే స్టాన్లీ రౌస్ అనే ఆయన్ని మెచ్చుకోవాలి. 1934 ఎఫ్.ఎ. కప్ ఫైనల్‌కి రిఫరీ ఈయనే, తర్వాత ఫిఫా అధ్యక్షుడయ్యాడు. రిఫరీ ఒక మూల నుంచి ఎదుటి మూలకి ఐమూలగా తిరగాలి, ఆ దారికి దూరంగా ఉన్న సగాలని ఇద్దరు లైన్స్‌మన్లూ చూసుకోవాలి అన్న పద్ధతి ఆయన వల్లే స్థిరపడింది. అంటే ఆట ఎప్పుడూ రెండు జతల కళ్ళ మధ్య జరుగుతుందన్నమాట. ముగ్గురు మనుషులతో అంత పెద్ద మైదానాన్ని కవర్ చేయడానికి ఇంతకన్నా తెలివైన డిజైన్ నాకైతే తట్టలేదు.

అయినా దానికీ ఒక బగ్ ఉంది. ఆఫ్‌సైడ్ చూడాలంటే లైన్స్‌మన్ చివరి నుంచి రెండో డిఫెండరు వరసలో ఉండాలి. కిక్-ఆఫ్ అప్పుడు కూడా అతని చోటు అదే. బంతి గోల్ గీత దాటిందా అని చూడాలంటే ఆ గీత మీదుండాలి. ఒక్క మనిషి రెండు చోట్లా ఎలా ఉంటాడు? 1966 ప్రపంచకప్ ఫైనల్లో జెఫ్ హర్స్ట్ కొట్టిన బంతి పై కర్రకి తగిలి కింద పడితే, లైన్స్‌మన్ తోఫిక్ బహ్రామోవ్ గోల్ అన్నాడు. 1996లో ఆక్స్‌ఫర్డ్‌లో ఇయన్ రీడ్, ఆండ్రూ జిస్సర్‌మన్ ఆ వీడియోలని లెక్కగట్టి బంతి పూర్తిగా దాటలేదని తేల్చారు. (కంప్యూటర్ విజన్ చదివినవాళ్ళకి జిస్సర్‌మన్ పుస్తకం గుర్తుండే ఉంటుంది, ఆయనే.) 2010లో జర్మనీ మీద ఫ్రాంక్ లాంపార్డ్ కొట్టిన బంతి గీత దాటి చాలా లోపల పడ్డా గోల్ ఇవ్వలేదు. 2012లో గోల్-లైన్ టెక్నాలజీకి అనుమతి దొరికింది. 2018 ప్రపంచకప్‌కి వీడియో రిఫరీలొచ్చి ఎక్కడో గదిలో కూర్చున్నారు. మైదానం బయట మొదలైన మూడో మనిషి మళ్ళీ బయటికే చేరాడు!

ఇక నా కాలి సంగతి. రిఫరీకి తగిలినా ఆట ఆగదన్నదే చాలాకాలం నిబంధన. 1968లో ఇంగ్లాండులో బారో, ప్లిమత్ జట్ల మ్యాచిలో బంతి రిఫరీ ఐవన్ రాబిన్సన్‌కి తగిలి గోల్‌లోకి పోయింది, గోల్ ఇచ్చారు, బారో ఆ ఒక్క గోల్‌తోనే గెలిచింది. 2019లో మార్చారు: రిఫరీకి తగిలి బంతి అవతలి జట్టుకి పోతే ఆట ఆపి, చివరిసారి తాకిన జట్టుకే డ్రాప్ బాల్ ఇవ్వాలి. అంటే నేనిచ్చిన గోల్ చెల్లదు. నేను చదివింది పాత పుస్తకం.

నుంచున్న చోటూ ఆ పుస్తకం పుణ్యమే. 2016 దాకా కిక్-ఆఫ్‌లో బంతిని ముందుకే తన్నాలి, కాబట్టి తన్నేవాడి వెనకాల నుంచున్నవాడికి ఆ మొదటి తన్నుతో భయం లేదు. ఆ ఏడాది నుంచి ఎటైనా తన్నొచ్చు. అందరూ వెనక్కే తంతున్నారు. సరిగ్గా నేను నుంచున్న చోటికి.