పావలా యెత్తు ఉత్తరము

ఉద్యోగరీత్యా స్వగ్రామములకు దూరముగా నున్న మనకు ఉత్తరముతో గల అనుబంధము వేఱుగా చెప్ప నక్కఱలేదు. ప్రక్క వీధికి వ్రాసినను, దేశపు ఆవలి కొసకు వ్రాసినను, ఒకే బరువు గల మామూలు ఉత్తరమునకు తపాలా వెల ఒక్కటే. ఇది మనకు సహజముగా తోఁచును. కాని ఈ సమత్వము అనాదిగా నున్నది కాదు. ఒక తలంపు దీనిని తెచ్చినది.

1837 లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వము తన ఏలుబడిలోని సీమలందు కూలికి ఉత్తరములు చేరవేయు హక్కును తనకే యుంచుకొనుచు ఒక చట్టము చేసెను. అప్పటి లెక్కలో బరువుతో పాటు దూరము కూడ నుండెను. కలకత్తానుండి ఆగ్రాకు తులమునకు 12 అణాలు. బొంబాయికి ఒక రూపాయి. ఎంత దూరమున బంధువు లున్న అంత భారము. ఆ దినములలో రూపాయి వెచ్చించి జాబు వ్రాయఁగలవారు వర్తకులు, అధికారులు మాత్రమే యని వేఱుగా చెప్పవలెనా?

అదే సంవత్సరమున ఇంగ్లండులో రోలండు హిల్లు అను నతఁడు ఒక చిన్న పుస్తకమును వెలువరించెను. లండనునుండి ఎడింబరోకు ఒక ఉత్తరమును మోయుటకు నిజముగా పట్టు ఖర్చు పెన్నీలో ముప్పదియాఱవ వంతు మాత్రమే యని అతఁడు లెక్కగట్టి చూపెను. అసలు వ్యయ మంతయు దూరములు చూచి వెల కట్టుటలోను, పద్దులు వ్రాయుటలోను, పుచ్చుకొనువాని యింటివద్ద డబ్బు వసూలు చేయుటలోను ఉన్నదని అతని వాదము. కావున దూరమును విడిచి, బరువునే చూచి, పంపువాఁడే ముందుగా చెల్లించుట మేలు. 1840 జనవరిలో అర ఔన్సు ఉత్తరమునకు ఒక్క పెన్నీ వెల అక్కడ అమలులోనికి వచ్చెను.

మన దేశమున 1850 లో నియమింపఁబడిన విచారణ సంఘము ఈ పద్ధతినే సిఫారసు చేసెను. 1854 అక్టోబరు 1 నుండి దూరభేదము తొలఁగెను. పావు తులము వఱకు అర అణా. అర తులము వఱకు ఒక అణా. తులము వఱకు రెండణాలు. తులమున్నర వఱకు మూఁడణాలు. రెండు తులముల వఱకు నాలుగణాలు. మెట్టు దాటిన పిసరంతయు పై మెట్టుగానే లెక్క. తులముంబావు తూఁగిన ఉత్తరమునకు మూఁడణాల బిళ్ళలు కావలెను. బిళ్ళ లేకుండ వేసినచో పుచ్చుకొనువాఁడు రెట్టింపు ఇచ్చుకొనవలెను. మన యిండ్లలో 'బేరింగు ఉత్తరము' అను మాట కలవరము పుట్టించుటకు మూల మిదియే.

ఈ లెక్కలో సామాన్యునకు ఒక గొప్ప సౌకర్యము కలదు. 1835 నాటి నాణెముల చట్టము ప్రకారము వెండి రూపాయి బరువు 180 గ్రెయినులు. తులము బరువును అదియే. 'రూపాయెత్తు' అన్న తులమే. అర్ధరూపాయి అర తులము, పావలా పావు తులము. కనుక త్రాసున్న ప్రతి యింటను తూనికరాళ్ళు ఉన్నట్లే. ఒక తట్టలో పావలా, రెండవ తట్టలో ఉత్తరము. పావలా పైకి లేవనిచో అర అణా చాలును.

కాని పావలా యెత్తు ఎంత? నేఁటి కొలతలో మూఁడు గ్రాములకు ఇంచుక తక్కువ. మన కార్యాలయములలో వాడు కాగితము ఒక్కటి సుమారు అయిదు గ్రాములు తూఁగును. అందులో సగము చింపి, కవరు లేకుండ మడిచినచో పావు తులము. కుటుంబ క్షేమము, పంటల సంగతి, అప్పుల సంగతి, పెండ్లి మాటలు అన్నియు ఆ యరకాగితములో ఇమడవలెను. ఒక్క ముక్క అధికమైనచో వెల రెట్టింపు.

ఇక్కడనే ఈ చరిత్రలోని విశేష మున్నది. తరువాతి అఱువదియెనిమిది సంవత్సరములలో కనీసపు వెల అర అణాగానే నిలిచెను, మాఱినది బరువు. 1869 లో అర అణాకు అర తులము, 1905 లో ముప్పావు తులము, 1907 లో పూర్తి తులము అనుమతించిరి. బీదవాని వ్యయము పెరుగలేదు, అతఁడు చెప్పుకొనఁగల మాట నాలుగు రెట్లయ్యెను. 1922 లో ఈ అర అణా ఉత్తరము అంతరించి, రెండున్నర తులములకు ఒక అణా ఏర్పడెను. బరువు మఱల పెరిగిన మాట నిజమే. కాని అరకాగితమే వ్రాయువానికి ఆ యధిక బరువుతో పనిలేదు, అతనికి తెలిసినది వెల రెట్టింపగుటయే.

ఈ మేలు మన తెలుగువారికి మిక్కిలి అక్కఱకు వచ్చినది. కూలికై రంగూనుకు పోయిన మన కోస్తా జిల్లాలవారు వేలకొలఁది. 1937 లో విడిపోవువఱకు బర్మా భారత తపాలా వ్యవస్థలోనిదే. సముద్రము నడుమ నున్నను, రంగూను జాబు కాకినాడకు పరదేశపు జాబు కాలేదు.

నేఁడు తులము పోయి గ్రాము వచ్చినది. అణా పోయి పైసలు, రూపాయలు వచ్చినవి. 1898 నాటి తపాలా చట్టమునకు బదులు 2023 లో క్రొత్త చట్టము చేయఁబడినది. కాని దూరమున నున్నవాఁడు దూరమున నున్నందుకు అధికముగా చెల్లింపవలసిన పనిలేదను 1854 నాటి న్యాయము, మామూలు ఉత్తరమున ఇంకను నిలిచియే యున్నది. ఇల్లు విడిచి వచ్చిన మనకంటె దాని విలువ తెలిసినవా రెవరు?