బేయస్ పద్ధతులు (ఆర్థిక, వ్యాపార నమూనాలు)

ముందున్న అంచనాను కొత్త సమాచారంతో సవరించే సంభావ్యతా విధానాలు. థామస్ బేయస్ (మరణం 1761) రాసిన వ్యాసాన్ని రిచర్డ్ ప్రైస్ 1763లో వెలుగులోకి తెచ్చాడు. ఆర్నాల్డ్ జెల్నర్ 1971 గ్రంథంతో ఇవి ఆర్థికమితిలో స్థిరపడ్డాయి.

పనితీరు: వరంగల్ ఎనుమాముల మార్కెట్లో వచ్చే వారం పత్తి ధర పెరిగే సంభావ్యత 40 శాతమని ఒక వ్యాపారి భావించాడనుకుందాం. ఇది పూర్వ సంభావ్యత. ధర పెరిగే ముందు సరుకు రాక తగ్గడం 75 శాతం సార్లు, పెరగనప్పుడు 25 శాతం సార్లు కనిపిస్తుందనుకుందాం. ఈ వారం రాక తగ్గితే 0.30ని (0.40 × 0.75) 0.45తో (0.30 + 0.60 × 0.25) భాగించాలి, సవరించిన సంభావ్యత దాదాపు 67 శాతం.

తెలుగువారి కృషి: ఆంధ్ర విశ్వవిద్యాలయ పట్టభద్రుడు జి.ఎస్. మద్దాల, సహ పరిశోధకులు 1997లో అమెరికాలోని 49 రాష్ట్రాల విద్యుత్తు, సహజవాయువు గిరాకీని అంచనా వేశారు. విడివిడి లెక్కలు నమ్మదగ్గవిగా రాలేదు. అన్నిటినీ కలిపేస్తే రాష్ట్రాల మధ్య తేడాలు మరుగున పడతాయి. అందుకే ఉమ్మడి సగటును పూర్వ అంచనాగా తీసుకుని, ప్రతి రాష్ట్రపు అంచనాను దాని వైపు కొంత జరిపారు. తక్కువ సమాచారమున్న జిల్లాల అంచనాలకూ ఈ మార్గం ఎంతో విలువైనది.

పరిమితులు: పూర్వ సంభావ్యత ఎంపికను బట్టి ఫలితం మారవచ్చు. సమాచారం కొద్దిగా ఉన్నప్పుడు ఆ ప్రభావం ఎక్కువ. కాబట్టి ఎంపికకు కారణాన్ని బహిరంగంగా చెప్పి, వేరే విలువలతోనూ పరీక్షించడం విశ్లేషకుడి బాధ్యత. లెక్కింపు కష్టం కూడా ఒకప్పుడు పరిమితే; 1990 తర్వాత కంప్యూటర్ అనుకరణ పద్ధతులు విస్తరించి, క్లిష్టమైన నమూనాలూ సాధ్యమయ్యాయి.