కట్ట మీద విన్న కురుక్షేత్రం

పండమేరుకు అడ్డంగా విజయనగర రాజుల కాలంలో వేసిన చెరువుకట్టకు ఒక కొన మా బుక్కరాయసముద్రం, ఇంకో కొన అనంతపురం. 1965లో మా అవ్వ వేలు పట్టుకుని ఆ కట్ట మీదుగా నడిచిపోయి ‘మాయాబజార్’ చూసినాను. అప్పటికే అది ఎనిమిదేళ్ల పాత సినిమా. అయినా డేరా కిటకిటలాడింది. కింద ఇసుక, ఆడవాళ్లకూ మగవాళ్లకూ నడుమ తడిక. ఉండేది ఒక్క ప్రొజెక్టరే కాబట్టి రీలు మార్చినప్పుడల్లా దీపాలు వెలిగేవి. ఆ సందులో తడిక అవతల యుద్ధం మాటలు నడిచేవి: అయూబ్‌ఖాన్, లాల్‌బహదూర్ శాస్త్రి, లాహోరు. దీపాలారితే మళ్లీ శకుని.

ఆ సినిమా తీసిన కె.వి.రెడ్డి, అంటే కదిరి వెంకటరెడ్డి, పుట్టింది తాడిపత్రిలో, 1912లో. అనంతపురం నుంచి తాడిపత్రి పోయే రోడ్డు మా ఊరి మీదుగానే పోతుంది కనుక ఆయన మా మనిషేనని మా వాదన. ఆయన చిన్ననాటి స్నేహితుడు మూలా నారాయణస్వామిదీ తాడిపత్రే. వాహినీ సినిమా సంస్థ వెనక ఉన్న డబ్బు ఈ నారాయణస్వామిది. 1954లోనే కె.వి.రెడ్డి ‘పెద్దమనుషులు’ తీసి ఊరి పెద్దల గుట్టు బయటపెట్టినాడు. మూడేళ్లకు, 1957 మార్చి 27న, ‘మాయాబజార్’ వచ్చింది. దాన్ని అందరూ పెళ్లి సినిమా అంటారు. నా లెక్కలో అది యుద్ధం సినిమా.

ఈ కథ వ్యాసభారతంలో లేదు. జనం అల్లుకున్నది. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో మొదలైన సురభి వాళ్లు నాటకంగా ఆడినారు, 1936లోనే ఒకసారి సినిమాగానూ వచ్చింది. విజయా వాళ్లకోసం పింగళి నాగేంద్రరావు రాసినప్పుడు ఒక గమ్మత్తు జరిగింది: పాండవుల కోసమే ఇంత కథా నడుస్తుంది, తెర మీద పాండవులు మాత్రం కనపడరు. రాజ్యం పోగొట్టుకున్నవాళ్లతో సంబంధం ఎవరికి కావాలి? జూదం ముగిసినాక బలరాముడి మనసు మారుస్తారు. హస్తినాపురంలో ఆయనకు రాజమర్యాదలు చేసి, పొగిడి, అభిమన్యుడికి అనుకున్న కూతురు శశిరేఖను దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడికి ఇస్తానని మాట తీసుకుంటారు. శకునికి కావలసింది కోడలు కాదు. రేపు యుద్ధమొస్తే యాదవులు తమ వైపు ఉండాలి, అంతే.

మా సీమలో పార్టీలు కట్టేవాళ్లకు ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. పిల్లనిచ్చిన ఊరు కొట్లాటకు మనుషుల్ని పంపక తప్పదు. పెళ్లిపత్రికలో పేర్ల వరస చూసి ఎవరు ఎవరి పక్కన చేరినారో చెప్పగలిగిన ముసలివాళ్లు మా ఊళ్లో ఉండేవాళ్లు. సినిమా తీసిన రోజుల్లో పెద్ద దేశాల సంగతీ అట్లాగే ఉంది. 1954లో మనీలాలో ఒక కూటమి, 1955లో బాగ్దాద్‌లో ఇంకొకటి. పాకిస్తాన్ రెండింట్లోనూ చేరింది. ఏ కూటమీ వద్దన్న దేశాలూ, కూటముల్లో చేరిన కొన్ని దేశాలూ 1955 ఏప్రిల్‌లో బాండుంగ్‌లో కలిసినాయి. పింగళి ఇదంతా మనసులో పెట్టుకుని రాసినాడని నేననను. కానీ మనుషుల్ని ‘అసమదీయులు’, ‘తసమదీయులు’ అని రెండు గంపల్లో వేసే ఈ సినిమా మాట ఆ రోజుల్లో తెలుగువాళ్ల నోళ్లలో పడింది. ‘దుష్టచతుష్టయం’ ఈ రోజుకీ పత్రికల్లో రాజకీయ వార్తల పక్కన కనపడుతూనే ఉంది.

చాప్లిన్ 1940లో ‘ది గ్రేట్ డిక్టేటర్’లో హిట్లర్ మీసం పెట్టుకుని నవ్వించినాడు. కె.వి.రెడ్డికి మీసంతో పని పడలేదు, విడిది చాలింది. ఆడపెళ్లివారి మర్యాదలన్నీ ఘటోత్కచుడి మనుషులే చేస్తారు. గింబళి అనే కంబళి దానంతటదే చుట్టుకుంటుంది, గిల్పం అనే తల్పం పడుకున్నవాణ్ణి తిప్పి పడేస్తుంది. పక్షం బలమంతా చూపించుకుంటూ వచ్చినవాళ్లు పరుపు మీద కూడా నిలవలేకపోతారు. మార్కస్ బార్ట్‌లీ కెమెరా పనితనం గురించి చాలామంది రాసినారు, నేను రాయను. పీటల మీద మాయా శశిరేఖ, అంటే శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు, కాలు తొక్కితే లక్ష్మణకుమారుడి వేషంలో రేలంగి పెట్టిన మొహం నాకిప్పటికీ కళ్లకు కడుతుంది. చివరికి సి.ఎస్.ఆర్. వేసిన శకుని, ఎక్కినవాళ్ల చేత నిజం చెప్పించే సత్యపీఠం ఎక్కి తన ఎత్తుగడంతా తానే కక్కేస్తాడు. రాయబారుల సభల్లో అట్లాంటి పీఠం ఒకటి వేయిస్తే బాగుండునని మా నాయన రేడియో ముందు కూర్చుని అంటుండేవాడు.

ఆ రాత్రి తిరిగి వచ్చేటప్పుడు కట్ట మీద నేను పెళ్లికొడుకును తలచుకుని నవ్వుతానే ఉన్నాను. అవ్వ తోలుబొమ్మలాటల్లో భారతం అంతా విన్న మనిషి.

“ఏం నవ్వుతాండావు? ఆ పెండ్లికొడుకును యుద్ధంలో సంపేది ఎవురనుకున్యావు? అభిమన్యుడే” అనింది.

“మరి అభిమన్యుడు?”

“ఆపొద్దే వాడూ పాయ.”

ఘటోత్కచుడి సంగతి నేను అడగలేదు. తర్వాత చదువుకున్నాను. లక్ష్మణకుమారుడు, అభిమన్యుడు పదమూడో రోజున, ఘటోత్కచుడు పద్నాలుగో రాత్రి.