నల్ల పూతకు ముందు

సెప్టెంబరు రెండో వారం, శుక్రవారం మధ్యాహ్నం. న్యూజెర్సీ, ఎడిసన్. ఎదురింటివాళ్ళ డ్రైవ్‌వే మీద మీరు మోకాళ్ళు ఆన్చి కూర్చున్నారు. చేతిలో పాత స్క్రూడ్రైవర్. పగుళ్ళలో మొలిచిన గడ్డిని దాంతో వేళ్ళదాకా పెళ్ళగిస్తున్నారు. పైన ఆకు తుంపి ఊరుకుంటే, మిగిలిన వేరు వసంతానికి పూతను చీల్చుకుని పైకొస్తుంది. మీ వెనకాలే ఇంటాయన బ్లోయర్ పట్టుకుని వస్తున్నాడు. ఇసుక, ఎండు మేపుల్ గింజలు, పోయిన శీతాకాలపు దుమ్ము లేచి మీ కళ్ళజోడు మీద పడుతున్నాయి.

పచ్చిక అంచున మడత కుర్చీలో ఇంటాయన మామగారు కూర్చున్నారు. గుంటూరు నుంచి ఆరు నెలలకని వచ్చారు. రోడ్లు భవనాల శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. లేచొచ్చి చెప్పుతో నేలను గట్టిగా రాస్తే నాలుగు గులకరాళ్ళు ఊడొచ్చాయి.

"చూశారా బాబూ, బిటుమిన్ ఎండిపోయింది," అంటారు మీతో.

ఈ నేల బరువులో దాదాపు 95 శాతం కంకర, ఇసుకే. వాటిని పట్టుకుని ఉంచేది మిగిలిన ఐదు శాతం బిటుమిన్. ఎండా గాలీ తగిలి అది గట్టిపడుతుంది, పెళుసెక్కుతుంది, నలుపు పోయి బూడిదరంగుకు తిరుగుతుంది. వెంట్రుకంత పగుళ్ళు అప్పుడే మొదలవుతాయి. వాటిలో దిగిన నీరు జనవరి రాత్రి గడ్డకట్టి తొమ్మిది శాతం దాకా ఉబ్బుతుంది, పగులును ఒత్తుతుంది. పగలు కరిగి ఇంకాస్త లోతుకు జారుతుంది. రాత్రికి మళ్ళీ గడ్డ. మూడు నెలలు ఇదే తంతు.

సన్న పగుళ్ళలోకి సీసా మూతి ఆన్చి నల్లటి ఫిల్లర్ పిండుతున్నారు. అరంగుళం దాటిన పగులుంటే ముందు ఫోమ్ తాడు కుక్కి, దానిమీద పోస్తున్నారు. లేకపోతే ఎంత పోసినా లోపలికే పోతుంది. పాత కారు నుంచి కారిన నూనె మరకల్ని నిన్ననే సబ్బు మందుతో రుద్ది కడిగారు. ఇవాళ వాటిమీద ప్రైమర్ పూస్తున్నారు. నూనె, బిటుమిన్ రెండూ పెట్రోలియం పిల్లలే కాబట్టి నూనె పడ్డచోట తారు మెత్తబడుతుంది. ఆ జిడ్డు మీద కొత్త పూత అంటుకోదు.

మామగారు గరాజ్ ఎడమ మూల దగ్గర ఆగిపోయారు. పైకప్పు నీళ్ళు దించే గొట్టం అక్కడే ముగుస్తుంది. దానికింద మూడు నాలుగడుగుల మేర నేల చిన్న చిన్న పలకలుగా విడిపోయి ఉంది. కాలు మోపితే ఒక పలక కదిలింది.

"అల్లుడుగారూ, ఇది అలిగేటర్ క్రాకింగ్. అడుగున బేస్ పోయింది. దీని మీద ఎన్ని పూతలేసినా దండగ."

"కనిపించకుండా ఉంటుంది కదా మావయ్యా?"

"కనిపించకపోవడమే ప్రమాదం."

ఆ మూల చుట్టూ సుద్దతో గీత గీశారు. పూత అక్కడికి వెళ్ళదు.

అంతలో వీధిలో ఒక పికప్ ట్రక్ ఆగింది. పక్క వీధిలో పని చేశారట, తారు మిగిలిందట, సగం ధరకే, ఇప్పుడే వేసేస్తారట. రాతపూర్వకంగా ఏమీ ఇవ్వరు, డబ్బు మాత్రం చేతిలో పడాలి. అమెరికాలో ఇళ్ళవాళ్ళను మోసగించే పాత ఎత్తుగడ ఇది. ఇంటాయన నవ్వి వద్దన్నాడు.

శనివారం ఉదయం తొమ్మిది. మంచు తడి ఆరేదాకా ఆగారు. రాత్రి ఉష్ణోగ్రత 50 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు దిగదనీ, సోమవారం దాకా వాన లేదనీ ఫోన్లో చూసుకున్నారు. కొలత 20 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు. బకెట్‌కు సుమారు 350 చదరపు అడుగులు, రెండు పూతలు, అందుకే ఐదు బకెట్లు. మీరు ఒకదాని లేబుల్ తిప్పి చూస్తున్నారు. బిటుమిన్ రకమే, బొగ్గు తారుది కాదు. బొగ్గు తారు పూతలో పీఏహెచ్‌లనే విష రసాయనాలు దాదాపు వెయ్యి రెట్లు ఎక్కువ. అరిగి దుమ్మై చెప్పులతో ఇంట్లోకొస్తాయి, వాననీటితో వాగుల్లోకి పోతాయి. టెక్సస్‌లోని ఆస్టిన్ నగరం 2006లోనే దాన్ని నిషేధించింది. వాషింగ్టన్ రాష్ట్రం 2011లో ఆ దారి పట్టింది.

మూత తీస్తే పైన పల్చటి నీరు. మట్టి, ఇసుక, తారు అడుగున పేరుకుని ఉన్నాయి. కర్రతో అడుగు నుంచి కలుపుతుంటే భుజాలు లాగేస్తున్నాయి. గరాజ్ గుమ్మం వెంట, ఇటుక గోడ వెంట టేపు అంటించి, అంచులు బ్రష్‌తో దిద్దారు. ఆ తర్వాత నేలమీద అడ్డంగా ఒక చార పోసి, స్క్వీజీతో లాగడం మొదలు. మట్టి ఇల్లు అలికినట్టే వెనక్కి వెనక్కి నడుస్తూ, గరాజ్ నుంచి వీధి వైపు. పోసినప్పుడు గోధుమ ఛాయ కలిసిన నలుపు. నీరు ఆరేకొద్దీ చిక్కబడుతోంది. మందంగా వదిలితే పైన ఆరి లోపల పచ్చిగా ఉండిపోతుంది, తర్వాత పెచ్చులు లేస్తుంది. అందుకే పల్చగా, రెండుసార్లు.

రెండో పూతకు ముందు నాలుగైదు గంటల విరామం. పులిహోర ప్లేట్లు పట్టుకుని అందరూ పచ్చికలో కూర్చున్నారు. అమెరికాలో తొలి తారు వీధుల్లో ఒకటి ఇక్కడికి దగ్గర్లోని నెవార్క్‌లోనే పడిందని ఇంటాయన చెబుతున్నాడు. బెల్జియం నుంచి వచ్చిన డి స్మెట్ అనే రసాయనవేత్త 1870లో వేశాడు. మామగారు శ్రద్ధగా వింటున్నారు గానీ చూపు మాత్రం ఆ గొట్టం మీదే ఉంది.

ఆదివారం సాయంత్రం. డ్రైవ్‌వే నిగనిగలాడుతోంది. అడ్డంగా తాడు కట్టారు, కార్లు వీధిలోనే ఉన్నాయి. రేపటిదాకా లోపలికి రావు. ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు నిలబెట్టిన కారు స్టీరింగ్‌ను అక్కడికక్కడే తిప్పకూడదు, టైరు పూతను గీకేస్తుంది. వీధిలో పోయేవాళ్ళు మెచ్చుకుంటున్నారు. మామగారు, అల్లుడు మాత్రం గొట్టానికి ప్లాస్టిక్ పొడిగింపు తగిలిస్తున్నారు. రెండో కొసను పచ్చిక పల్లం వైపు తిప్పారు. నిచ్చెనెక్కి పైకప్పు కాలువలోకి హోస్‌తో నీళ్ళు వదిలింది మీరే. నీళ్ళు మూలవైపు రాకుండా గడ్డిలోకి పోయాయి.

"మళ్ళీ పూత మూడేళ్ళ దాకా వద్దు. ఏటా వేస్తే పొర మందమై అదే పగులుతుంది," అంటున్నారు మామగారు. "ఈ మూల మాత్రం చలికాలం వెళ్ళగానే తవ్వించి, కంకర పరిచి దిమ్మిస కొట్టించండి. ఈ గొట్టం తిప్పకుండా తవ్విస్తే అదీ దండగయ్యేది."

ఇంటాయన ఫోన్ తీసి, ఏప్రిల్ కోసం కాంట్రాక్టర్ల దగ్గర రాతలో కొటేషన్లు అడుగుతున్నాడు.