విచారణ

‘మాది ఫలానా విచారణ’ అని మంచిర్యాలలో ఎవరైనా అంటే కంగారుపడకండి. అది ఠాణా విచారణ కాదు, కమిషనూ కాదు. తెలుగు కథోలికులు ‘పారిష్’ను విచారణ అంటారు, దాని బాధ్యుడు విచారణ గురువు.

‘చర్’ అంటే నడవడం. దానికి ‘వి’ చేరి విచారణ అయింది: ఒక సంగతిని మనసులో అటూ ఇటూ నడిపించి చూడడం. కోర్టు దాన్ని ప్రశ్నలుగా మార్చుకుంది. మనం ‘విచారం’ అంటూ దిగులు చేసుకున్నాం, అదో వింత. గ్రీకు మూలం ‘పరోయికియా’లో పొరుగున ఉండడం, పరవాసం వినిపిస్తాయి. నాకు తెలుగు మాటే నచ్చుతుంది, అందులో పని ఉంది.

ఇలాంటి విచారణలన్నీ కలిస్తే మేత్రాసనం, అంటే ఒక బిషప్ పరిధి. కరీంనగర్ కథోలికులది 1952 నాటి వరంగల్ మేత్రాసనం. 1999లో ఏర్పడ్డ ఆదిలాబాద్ మేత్రాసనం సీరో మలబారు సంప్రదాయానిది. దాని పీఠం మంచిర్యాలలో ఉంది. పూజావిధానాలు వేరైనా గడప దగ్గర పలకరింపు ఒకటే.

“పాణం మంచిగున్నదా అవ్వా? కొడుకు డ్యూటీకి పోయిండా?”

“నైట్ షిఫ్ట్ ఫాదర్, ఇప్పుడే పండుకున్నడు.”

ఫాదర్ గొంతు తగ్గించి, చెప్పులు చప్పుడు కాకుండా విడుస్తాడు.